పత్తిగుంతలో పిలుపు

ఆదోని పత్తిమిల్లులో ఆనాటి పని ముగియవచ్చింది. రేకులకప్పు సందులనుండి జారిన సంధ్యాకాంతి, గాలిలో తేలే నూగుపై ఎఱ్ఱగా వ్రాలుతున్నది. గింజల నూనెవాసన, కాగిన ఇనుమువాసన. పొద్దుటినుండి నిలబడి పనిచేసిన అంజనమ్మ అలసిపోయింది. ఇంట కూతురు మంజుల జ్వరంతో ఒంటరిగా ఉన్నది. ఆస్పరికి పోయే కడపటి ఆటో గేటు ముందు నిలిచియున్నది.

గుంతలోని పత్తిని గొట్టంలోనికి త్రోసే పని ఇప్పుడు రోబోది, మునుపు గిడ్డయ్యది. గుంతలో దిగేవారు "దిగినా" అని పలకాలి. పైనున్నవారు "ఉండా" అని బదులీయాలి. బదులిచ్చినవారు, దిగినవారు ఎక్కివచ్చేదాకా అక్కడినుండి కదలరాదు. అది ఆ కూలీల కట్టుబాటు. నిరుడు గిడ్డయ్య చిక్కుపడిన పత్తిని లాగేందుకు దిగి, ఎప్పటివలెనే పలికినాడు. పైన రోబో ఒక్కటే ఉన్నది. అది బదులు పలకలేదు, పత్తిని త్రోసింది. గిడ్డయ్య మరి ఎక్కిరాలేదు, అంతకుముందు దిగిన కొందరివలెనే. ఆ పిమ్మటనే, గుంతలో మనిషి కనబడితే ఆగేటట్లు దానికి కెమెరా కన్ను అమర్చినారు; చిక్కు తీసేందుకు దిగే పని అంజనమ్మకు వచ్చింది.

ఇప్పుడు ఆ ఇనుపచేయి నడుమనే ఆగిపోయింది.

"ఏమైందప్పా దీనికి?" అంజనమ్మ అడిగింది.

సూపర్‌వైజరు మహేశ్వర్ స్క్రీను చూసినాడు. "గుంతలో మనిషుండాడని సెప్తాంది."

"యాడప్పా? దిగేదాన్ని నేను ఈడ నిలబడింటే?"

"దానికీ మనమాదిరే సాలయినట్టుందిలే. కంటికి దుమ్ము పట్టింటాది, తుడువక్కా. నేను పోయి కరెంటు తీసేసొస్తా."

ఆమె కొంగుతో రోబో కన్ను తుడిచింది. మనిషి ఉన్నాడని వెలిగే ఎఱ్ఱదీపం ఆరలేదు. క్రింద తెల్లని పత్తి నిశ్చలంగా పరచుకొనియున్నది. దానిలోనుండి మెల్లగా ఒక వాసన... గిడ్డయ్య నమిలే పొగాకుది.

"దిగినా..."

పత్తి అడుగునుండి. మిక్కిలి అలసిన గొంతు.

ఆమె పరుగెత్తవలసింది. కాని సొలసిన నోటికి అంత వివేకమెక్కడిది? ఏళ్ళనాటి అలవాటే ముందు పలికింది.

"ఉండా."

మాట పెదవి దాటినాకనే, ఎవరికి బదులిచ్చిందో తెలిసింది.

గేటు దగ్గర హారను మ్రోగింది. మహేశ్వర్ తిరిగివచ్చినాడు. స్క్రీను నల్లబడి ఉన్నది.

"పా అక్కా, ఆటో పోతాది."

"నువ్వు పోప్పా... మంజులకు రొంత గంజి కాసిమ్మని పక్కింటోళ్ళకు సెప్పు."

"నువ్వు?"

"బదులిచ్చేసినా." ఆమె గొంతు గుసగుసలోనికి దిగింది. "ఎక్కి రానీ..."

అతడు నవ్వబోయినాడు. నవ్వు రాలేదు. కరెంటు లేని ఆ ఇనుపచేయి మెల్లగా గుంతపైకి వంగింది... ఎక్కేవారికి ఆసరా అందించినట్లు.

పత్తి కదిలింది.

ఒక్కచోట కాదు...