పిన్ను లాగితే...

బ్రేక్!

పికప్పు ఆగలేదు!

వెనక ట్రైలర్ ముందుకు తోస్తోంది. తోక ఆడించినట్టు అటూ ఇటూ ఊగుతోంది. కుడి పక్క లోయ...!

ఇస్సాకు బ్రేక్ వదిలేశాడు. గేరు తగ్గించాడు. ఇంజను గొణిగింది, పికప్పు కుదుటపడింది. వెనక ట్రైలర్ కూడా బుద్ధిగా దారికొచ్చింది.

దిగుడు అయిపోయింది. ఇక ఎక్కుడే.

అప్పుడే చీకటి పడింది. గిద్దలూరు వెనకబడింది, నంద్యాల నల్లమల అవతల ఉంది.

యుద్ధం అయిపోయాక మిలిటరీ వేలంలో కొన్న పికప్పు ఇది. ట్రైలరేమో అడవి ఆఫీసరు దొర వదిలిపోయింది. ఒక మంచం పట్టేంత చెక్క గది, రెండు చక్రాలు. దానికి సొంత బ్రేకు లేదు. దాన్ని పికప్పుకు పట్టి ఉంచింది ఒక్క ఇనప పిన్ను.

ఇలాంటి రాత్రి కోసమే ఇస్సాకు ఆ పిన్నుకు ముందే తన చేత్తో గ్రీజు పూసి ఉంచాడు.

ఇవాళ... లోపల కోటయ్య పడుకుని ఉన్నాడు!

కోటయ్య పలకల గని కాంట్రాక్టరు. కూలి పెంచమని నిలదీసిన యాకోబును బండ మీదనుంచి తోసేశాడు. జారిపడ్డాడని ఊరంతా చెప్పుకున్నాడు. చూసింది ఒక్క నరసమ్మే, యాకోబు పెళ్ళాం. రేపు నంద్యాల కోర్టులో ఆమె సాక్ష్యం. పొద్దున్నే రైలుకని పోయింది.

"నీ చేతికి రక్తం అంటించుకోవద్దు ఇస్సాకూ. నేను కోర్టులో చెప్తా," అని ఒట్టు వేయించుకుంది.

ఇస్సాకు ఒట్టు వేశాడు. వేసి, పేరు మార్చుకుని కోటయ్య దగ్గర డ్రైవరుగా చేరాడు. యాకోబు అతనికి తోడబుట్టిన అన్న మరి! కోర్టు వేసే శిక్ష ఇస్సాకు కడుపుమంటకు ఏ మూలకు?

సాయంత్రం కోటయ్యే పిలిచాడు.

"నా మీద వారెంటు వచ్చింది రా. ట్రైలర్లో పడుకుంటా. నంద్యాల దాటించు. తలుపు మాత్రం తియ్యొద్దు."

ఇస్సాకు తలుపు తియ్యలేదు. బయట గడియ కూడా పెట్టాడు.

అద్దంలో లైట్లు!

ఎవరో వెంటపడుతున్నారు. పోలీసులే! మలుపు తిరిగినప్పుడల్లా మాయమై, మళ్ళీ వెలుగుతున్నాయి.

రండి... మీరొచ్చేలోపు అయిపోతుంది.

అమ్మవారి మలుపు వచ్చింది.

ఈ ఘాట్‌లో ఏ బండైనా ఇక్కడ ఆగాల్సిందే. చర్చికి పోయే ఇస్సాకు కూడా ఆగుతాడు. బండిలో ఉన్న ప్రతివాడూ దిగి దండం పెట్టాలి. చెప్పులుగానీ, తోలు బెల్టుగానీ ఒంటిమీద ఉండకూడదు. కోటయ్యకు మనుషులంటే లెక్కలేదుగానీ అమ్మవారంటే గడగడ! జ్వరంతో ఉన్నా దిగాల్సిందే.

అందుకే ఇస్సాకు ఈ చోటే ఎంచుకున్నాడు. కోటయ్య దిగాలని తలుపు బాదాలి. గడియ రాక భయపడాలి. బతిమాలాలి. అప్పుడు చెప్పాలి... నేను ఎవరి తమ్ముణ్ణో!

ఆపాడు. దూకాడు. ట్రైలర్ చక్రాల వెనక రాళ్ళు పెట్టాడు. పికప్పును కొంచెం వెనక్కి వదిలి హ్యాండ్ బ్రేకు లాగాడు. ట్రైలర్ బరువు రాళ్ళ మీద ఆనింది. పిన్ను వదులైంది.

చెయ్యి వేశాడు. సగం లాగాడు.

"అయ్యా, అమ్మవారి మలుపు వచ్చినాది!"

ట్రైలర్ చెక్క మీద తట్టాడు.

"దిగరా అయ్యా?"

తలుపు ఎవరూ బాదలేదు...

ఇస్సాకు పిన్ను వదిలేశాడు. కోటయ్య ఇక్కడ దిగకపోవడమా?

లోపల మడమతో నేలను తన్నిన చప్పుడు. ఎవరో మూలుగుతున్నారు.

ఆడగొంతు!

గడియ లాగాడు. అగ్గిపుల్ల గీశాడు.

నోట్లో గుడ్డ. చేతులకు తాళ్ళు.

"వదినా!"

మిగతా సగం పిన్ను కూడా లాగి, రాళ్ళు తీసి ఉంటే... అన్న పెళ్ళాన్ని తన చేత్తోనే లోయలోకి!

కట్లు విప్పాడు. నరసమ్మ దగ్గింది, ఊపిరి పీల్చింది.

"స్టేషన్ కాడనే కోటయ్య మనుషులు పట్టుకున్నారు. వాడు ఎనక కార్లో వస్తా ఉండాడు ఇస్సాకూ... ఒక్కడే!"

ఆ లైట్లు పోలీసులవి కావు!

"వదినా, ఆ బండల చాటుకు పో. ఏం జరిగినా బయటికి రావద్దు."

ఇస్సాకు పిన్ను పూర్తిగా లాగేశాడు. పికప్పులోని గడ్డపార తీసి రాళ్ళు తోసేశాడు.

ఖాళీ ట్రైలర్ కదిలింది. వెనక్కి... ఇంకా వెనక్కి...! మలుపు అంచు దాటింది.

ధడేల్!!

లోయంతా మోగింది. చక్రాలూ చెక్కలూ కిందికి పోతూనే ఉన్నాయి.

కారు మలుపు తిరిగి వచ్చి ఆగింది.

కోటయ్య దిగాడు. చెప్పులు కార్లోనే విడిచాడు. నడుముకున్న తోలు బెల్టు, దానికున్న రివాల్వరుతో సహా, సీటు మీద పెట్టాడు. కొబ్బరికాయ చేత్తో పట్టుకుని అమ్మవారి ముందుకు నడిచాడు.

ఠప్! కాయ పగిలింది.

"చల్లగా కాపాడినావు తల్లీ!"

లేచి ఇస్సాకు వైపు తిరిగాడు. నవ్వాడు.

"పిన్నుకు గ్రీజు పూసిన రోజే అర్థమైనాది రా. నీ మొహంలో నీ అన్న కనపడతానే ఉండాడు. లోపల ఎవరుండారో తెలుసా? మీ వదిన! సాక్షి పోయినాది. చంపినందుకు నీకు ఉరి. నా చెయ్యి కడుక్కునే పని కూడా లేదు!"

ఇస్సాకు గడ్డపార బిగించి పట్టుకున్నాడు.

"మా అన్నను తోసింది నువ్వేనా?"

"నేనే! ఏం చేస్తావు రా?"

"ఏమీ చెయ్యను. ట్రైలర్ ఖాళీగా పోయినాది."

కోటయ్య నవ్వు ఆగిపోయింది.

చెయ్యి నడుము మీదికి పోయింది. అక్కడ పంచె తప్ప ఏమీ లేదు!

కారు వైపు ఉరికాడు. తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. చెదిరిన జుట్టు. మణికట్టుల మీద తాళ్ళ వాతలు. చేతిలో రివాల్వరు.

"వదినా, వద్దు! రక్తం అంటించుకోవద్దన్నది నువ్వే గదా!" ఇస్సాకు అరిచాడు.

నరసమ్మ అతని వైపు చూడలేదు. తూటా గుండెకు సరిగ్గా తగిలేలా రివాల్వరు ఎత్తింది.

కోటయ్య చేతులు జోడించాడు, ఈసారి ఆమెకు.

"అమ్మా..."

"సాక్ష్యం చెప్పనీకి బయల్దేరినా," అంది నరసమ్మ. "ఇక్కడనే చెప్తా."

ఢాం!!