నొప్పి తెలియని పదును

ఆ బిల్డింగ్‌లో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పెద్దా చిన్నా అందరూ సాన బాబాయి అనే పిలిచేవాళ్ళు. ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాక, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని, వంటింటి వెనక బట్టలుతుక్కునే చిన్న గదిలో సాన మిషన్ పెట్టుకున్నాడు. నీళ్ళ సాన అది. లావుపాటి రాతి చక్రం, సగం నీళ్ళ తొట్టిలో మునిగి నింపాదిగా తిరుగుతుంది. నిప్పురవ్వలు లేవవు, ఇనుము వేడెక్కదు. చక్రానికి ముందు ఒక కడ్డీ, ఆ కడ్డీకి ఆనించి కత్తిని బిగించి పట్టుకునే జిగ్గు. వాలు సరిగ్గా చూసుకుని కత్తి వీపు ఒకసారి జిగ్గులో బిగించాడంటే, వయసుతో చెయ్యి కాస్త వణికినా పదును మాత్రం వంకరపోయేది కాదు.

ఇరుగుపొరుగు వాళ్ళు కూరల కత్తులు, కత్తెరలు తెచ్చేవాళ్ళు. కాసేపు కబుర్లు చెప్పి, మెరుస్తున్న కత్తులు పట్టుకుపోయేవాళ్ళు.

"బిల్డింగ్‌లో ఉన్న ఇనుముకంతా సాన పట్టారు. నా నోటి జోలికి మాత్రం రాకండి," అనేది భార్య.

"దానికి పుట్టుకతోనే పట్టి పంపారుగా," అనేవాడు ఆయన.

అలా సాగిపోతున్న రోజుల్లో, ఒక వాన మధ్యాహ్నం తలుపు చప్పుడైంది.

గుమ్మంలో ఒక ముసలావిడ. బాగా పొడుగు. ఒంటినిండా బూడిదరంగు శాలువా కప్పుకుంది. నీళ్ళు కారుతున్నాయి. లోపలికి రమ్మనకుండానే వచ్చి, శాలువా మాటు నుంచే తడిగుడ్డ చుట్టిన పొడవాటి మూటని బల్ల మీదకి జార్చింది. చేతులు బయటికి తీయలేదు.

"దీనికి పదును కావాలి," అంది. పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు గుసగుసగా.

గుడ్డ విప్పాడు. పాత కత్తి. అరిగి అరిగి అలుగు సన్నబడిపోయింది. చెక్క పిడి నల్లగా ఉంది. ఎన్నాళ్ళుగానో నీళ్ళల్లో పడున్నట్టు వాసన... ఆరని జుట్టు వాసనలాంటిది.

"ఇంక దీంట్లో ఏం మిగిలిందమ్మా? కొత్తది కొనుక్కోండి."

"తెగితే చాలు. నొప్పి తెలియకుండా తెగాలి."

బాబాయి నవ్వాడు. "మంచి పదునంటే అంతే కదమ్మా. మొద్దు కత్తే బాధపెడుతుంది. పదునైంది తగిలినా తెలియదు."

ఆవిడ కూడా నవ్వింది. "అదే కావాలి."

కత్తిని జిగ్గులో బిగించి మిషన్ వేశాడు. చక్రం తిరిగింది. ఇనుము రాతికి తగిలితే మామూలుగా సర్రుమని ఒకే తీరుగా శబ్దం వస్తుంది. ఆ రోజు అలా రాలేదు. ఎవరో పళ్ళు బిగబట్టి మూలుగుతున్నట్టు, ఆగి ఆగి వచ్చింది. తొట్టిలో నీళ్ళు చూస్తుండగానే తగ్గిపోయాయి. కొత్త రాయి మొదట్లో నీళ్ళు తాగడం సహజమే. కానీ ఇది పొద్దుటి నుంచీ నానుతున్న రాయి. చెంబుతో పోశాడు. తాగేసింది. మళ్ళీ పోశాడు. మళ్ళీ...

పని అయ్యాక తుడిచి బల్ల మీద పెట్టాడు. చెయ్యి కడుక్కుని వెనక్కి తిరిగేసరికి కత్తీ లేదు, గుడ్డా లేదు. ఆవిడ గుమ్మం దాటుతోంది. శాలువా రెండువైపులా బిగుతుగా, ఒంటికి అతుక్కుని ఉంది. చేతులుండాల్సిన చోట అసలు ఎత్తే లేదు.

ఆ మాట భార్యకి చెబితే, "ముసలావిడని కూడా వదలకుండా పరకాయించి చూశారన్నమాట," అని నవ్వేసింది. ఆయనా నవ్వేసి ఊరుకున్నాడు.

ఆ తరవాత ఆయన సాన మహత్యం బిల్డింగంతా పాకింది. అంత పదును ఎప్పుడూ రాలేదట. టమాటా మీద పెడితే చాలు, దానంతట అదే విచ్చుకుంటోందట. ఒకరిని చూసి ఒకరు, ఉన్న కత్తులన్నీ మోసుకొచ్చారు. ఊరికి ఆ చివర ఒంటరిగా ఉంటున్న బాబాయి అక్క కూడా తన కత్తులు పట్టుకొచ్చి పదును పట్టించుకెళ్ళింది. ఆవిడకి వేళ్ళ కీళ్ళ నొప్పులు. ఉల్లిపాయ తరగాలన్నా ఏడుపొచ్చేది.

ఒకరోజు కింది వాటా టీచరమ్మ మెచ్చుకోవడానికని పనిగట్టుకుని పైకొచ్చింది. గుమ్మంలో నిలబడి మాట్లాడుతోంది. బాబాయి చూపు నేల మీద పడింది. ఆవిడ కాళ్ళ దగ్గర ఎర్రటి చుక్క. ఇంకోటి. మెట్ల వరకూ వరస.

"అమ్మా... మీ చెయ్యి."

టీచరమ్మ చూసుకుంది. బొటనవేలి కొస లేదు. "అరె, ఎక్కడ తగిలిందో!" అని నవ్వింది. పైటచెంగు మీద దుమ్ము పడితే దులుపుకున్నంత తేలిగ్గా చెయ్యి దులుపుకుని దిగి వెళ్ళిపోయింది.

ఆ పూటే బాబాయి తొట్టిలో నీళ్ళు పారబోసి మిషన్ ఆపేశాడు. మర్నాడు సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, నీ చేతికి దండం పెట్టాలిరా! ఈ కత్తి పట్టుకుంటే నా వేళ్ళ నొప్పులే తెలియట్లేదు." ఫోన్ పక్కన పెట్టి తరుగుతున్నట్టుంది. వెనకాల చెక్క మీద కత్తి చప్పుడు. టక్ టక్ టక్ టక్.

"జాగ్రత్తక్కా. పదును ఎక్కువుంది."

"నాకు నువ్వు నేర్పుతావా వంట? నీకు పాలు కాచిపోసిందెవర్రా..." అంటూ చిన్నప్పటి సంగతులెత్తుకుంది. ఆయనా నవ్వుతూ ఊకొడుతున్నాడు. టక్ టక్ టక్ టక్.

ఉన్నట్టుండి చప్పుడు మారింది. కరకరలాడే శబ్దం పోయి, మెత్తగా, తడిగా...

"ఏం తరుగుతున్నావక్కా?"

"క్యారెట్లు. అవెప్పుడో అయిపోయాయిగా."

"మరి ఇప్పుడు?"

టక్. టక్. టక్.

"అదే చూస్తున్నా..." అంది అక్క.

"అక్కా. కత్తి కింద పెట్టు."

"పెట్టేశాను కదరా."

టక్. టక్.

"మరి ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడు?"

"అక్కా! కత్తి వదిలెయ్! నీకు దణ్ణం పెడతాను, అక్కడి నుంచి ఇవతలికి రా!"

"ఎందుకురా అరుస్తావు? ఏమైందనీ?" గొంతులో నవ్వు. చిన్నప్పుడు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి మాట్లాడిన గొంతే. వెనకాల అదే చప్పుడు. ఆయన ఫోన్‌లోకి అరిచాడు, బతిమాలాడు, ఏడ్చాడు. మధ్యలో ఊరంతా ఉంది. చెయ్యి చాపితే అందే దూరం కాదు. మాట వినిపిస్తోంది, అంతే.

ఫోన్ పెట్టకుండానే భార్యతో కలిసి ఆటోలో పరిగెత్తాడు. పక్కింటి వాళ్ళ చేత తలుపు పగలగొట్టించాడు. అక్క వంటింట్లో స్టూలు మీద బుద్ధిగా కూర్చుని ఉంది. కత్తి నిజంగానే పక్కన పెట్టి ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. ఎడమచేతిని మాత్రం బాబాయి రెండోసారి చూడలేకపోయాడు.

"వచ్చావా? కూర్చో, కాఫీ పెడతాను," అంది.

ప్రాణం దక్కింది. ఇంత నొప్పి ఎలా ఓర్చుకున్నావమ్మా అని ఆసుపత్రిలో డాక్టర్ అడిగితే, "నొప్పా?" అని తమ్ముడి వైపు చూసి నవ్వింది. "మావాడు పట్టిన పదును డాక్టర్ గారూ. మీ కత్తులు కూడా ఇవ్వండి, పడతాడు."

బాబాయి అక్కడ నిలబడలేకపోయాడు. భార్యని అక్క దగ్గర ఉంచి ఇంటికొచ్చి, రాతి చక్రాన్ని ఊడదీసి సుత్తితో పగలగొట్టాడు. తొట్టి ఖాళీ చేసినప్పటి నుంచి ఎండిపోయి ఉన్న రాయి. లోపల పెచ్చు పెచ్చూ తడిగా ఉంది. జిగ్గు విరిచేశాడు. తర్వాత గోనెసంచి తీసుకుని గుమ్మం గుమ్మం తిరిగాడు.

"మీ కత్తి ఒకసారి ఇస్తారా? తప్పు జరిగింది. కొత్తది తెచ్చిస్తాను."

ఎవరూ ఇవ్వలేదు. "భలేవాడివి బాబాయ్! ఇంత మంచి కత్తి ఎవరైనా వదులుకుంటారా?" అన్నారు. అక్క సంగతి చెప్పాడు. అయ్యో పాపం అన్నారు. పెద్దావిడ కదా, చూపు ఆనలేదేమో అన్నారు. అలా అంటున్న ఒకతను తలుపు పట్టుకున్న చేతికి రెండు వేళ్ళే ఉన్నాయి. ఇంకో ఇంట్లో తల్లి పెదవుల మీద వేలు పెట్టి, "పాప పడుకుంది, మెల్లగా మాట్లాడు," అంది. ఆ వేలికీ గోరు లేదు. బాబాయి ఆవిడ కాళ్ళ మీద పడబోయాడు. ఆవిడ కంగారుగా, "ఇదేంటి బాబాయ్, ఒంట్లో బాగోలేదా?" అని తలుపు వేసేసింది.

ఖాళీ సంచితో మూడో అంతస్తులోని తన వాటాకి తిరిగొచ్చాడు. భార్య అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చినట్టుంది. చెప్పులైనా విడవకుండా, తమ వంటింట్లో ఉన్న కత్తులు, కత్తెరలు అన్నీ ఒక డబ్బాలో వేసి తాడుతో బిగించి కడుతోంది.

"పోలీసులకి చెబుదామా?" అన్నాడు.

"ఏమని చెబుతారు?" అంది మెల్లగా. "కత్తులు బాగా తెగుతున్నాయనా?"

అప్పుడే పొద్దు వాలుతోంది. వంటల వేళ. ఒక్కొక్క కిటికీలో దీపం వెలిగింది. నీళ్ళు తిప్పిన చప్పుడు, గిన్నెల చప్పుడు, ఎక్కడో రేడియో... రోజూ ఉండే సందడే. ఆ తరవాత కింద ఎక్కడో మొదలైంది.

టక్ టక్ టక్.

పక్క వాటాలో అందుకుంది. ఎదుటి వరసలో అందుకుంది. కాసేపటికి బిల్డింగంతా ఒకే దెబ్బ, ఒకే లెక్క. బాబాయి బాల్కనీలోకి పరిగెత్తాడు. కిటికీల్లో తలలు వంచుకుని మనుషులు. ఎవరి పనిలో వాళ్ళు. మొహాల్లో ఏ బాధా లేదు. ఒకావిడ కూనిరాగం తీస్తోంది.

"ఆపండి! చేతులు చూసుకోండి! ఒక్కసారి చూసుకోండీ..."

గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. ఎదురింటాయన తలెత్తి చూసి, పలకరింపుగా చెయ్యి ఊపాడు. ఊపడానికి అక్కడ ఏమంత మిగల్లేదు.

చప్పుడు మెత్తబడింది. తడిసింది. బాబాయి చెవులు మూసుకుని గోడవారగా కూలబడ్డాడు. భార్య వచ్చి పక్కన కూర్చుని ఆయన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటిగా తడిమి చూసింది. గట్టిగా పట్టుకుంది.

ఎంతసేపు అలా ఉన్నారో. ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి. రేడియో కూడా. బిల్డింగంతా ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం.

"ఆగిందండీ," అని గొణిగింది భార్య.

ఆయన తల పైకెత్తి కప్పు వంక చూస్తున్నాడు.

సరిగ్గా వాళ్ళ నెత్తి మీద మొదలైంది. పై వాటా ఏడాదిగా ఖాళీ. గుమ్మానికి బయట ఇంటి యజమాని వేసిన తాళం తుప్పు పట్టి ఉంటుంది. లోపల వంటింట్లో గట్టు కూడా పగలగొట్టి తీసేశారు. అక్కడి నుంచి వస్తోంది, ఆ ముసలావిడ కత్తికున్న ఆరని జుట్టు వాసనతో సహా.

టక్... టక్...

తొందర లేదు. ఎంత సేపైనా పట్టనీ అన్నట్టుంది. మధ్యలో ఒకసారి ఆగింది. నేల మీద కుర్చీని దగ్గరికి లాక్కున్న చప్పుడు వినిపించింది. పక్కన ఇంకో కుర్చీ వేసిన చప్పుడు. ఆ తరవాత, ఇంకొకటి.