ఆపినవాళ్ళే కదలమనాలి

"కళ్ళు కనబడట్లేదా? గుడ్డోడివా ఏంటి?"

కాలేజీ యార్డులో ఆమె అతనితో అన్న మొదటి మాట అది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ సంగతి ఆమెకు చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది.

అది మట్టి తవ్వే బండి నడపడం నేర్పే కోర్సు మొదలైన రెండో రోజు. పెద్ద ఎక్స్‌కవేటరు ఇనప చెయ్యి చాపుకుని గిర్రున తిరుగుతోంది. దాని చుట్టూ సున్నంతో గీసిన గీత దాటి ఎవరూ లోపలికి అడుగు పెట్టకూడదు. అతను మాత్రం రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు పట్టుకుని, అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా తాపీగా గీత దాటేశాడు. బకెట్ ఎడమ పక్క నుంచి దూసుకొస్తోంది. ఆమె ఒక్క గెంతు గెంతి అతని కాలరు పట్టుకుని వెనక్కి లాగింది. టీ ఇద్దరి మీదా పడింది.

"ఒక గ్లాసు మీకే తెచ్చాను," అన్నాడతను తడిసిన చొక్కా చూసుకుంటూ.

"నాకెందుకు?"

"మాస్టారు మనిద్దర్నీ జంటగా వేశారుగా. అంటే... ట్రైనింగులో జంట."

"అది నాకూ తెలుసులెండి. కాస్త ఎడమ పక్క కూడా చూసుకుని నడవండి."

ఆమె గొంతు యార్డు ఆ చివరిదాకా వినిపించింది. ఆ సాయంత్రానికే ఆమెకు 'హారన్' అని పేరు పడింది. వారం తిరక్కుండా అతనికీ ఒక పేరు వచ్చింది, 'సెంటీమీటర్' అని. మాస్టారు ఎంత లోతు తవ్వమంటే అంతే తవ్వేవాడు, ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ కాకుండా.

ఆ పని ఇద్దరిది. బండి మీద కూర్చున్నవాడికి గుంత అడుగు సరిగ్గా కనబడదు. అంచున నిలబడ్డ మనిషి చేతులతో చేసే సైగలే అతనికి ఆధారం. ఇంజను హోరులో అరుపులు వినబడవు కాబట్టి హారన్ గొంతు అక్కడ ఎందుకూ కొరగాదు. చేతులే మాట్లాడాలి. అరచెయ్యి కిందికి ఆడిస్తే మెల్లగా దించమని, రెండు అరచేతులూ తన వైపు ఊపితే ముందుకు రమ్మని, చేతులు బార్లా చాపితే ఆపమని.

"బండి మీదున్నవాడు ఒక్క మనిషి చేతులే చూడాలి," అనేవారు మాస్టారు. "ఆపమనే సైగ మాత్రం ఎవరిచ్చినా ఆపాలి, దారినపోయే దానయ్య ఇచ్చినా సరే. ఆపినవాళ్ళు ఎందుకాపారో చెప్పాలి. మళ్ళీ కదలమనాల్సింది కూడా ఆపినవాళ్ళే. ఇంకెవరు చెప్పినా బండి కదలకూడదు."

వంతులు మార్చుకుంటూ ఇద్దరూ నేర్చుకున్నారు. 'మీరు' మూడు వారాలకే 'నువ్వు' అయింది. అతను పని చేస్తున్నంతసేపూ ఆమె చేతుల మీంచి చూపు తిప్పేవాడు కాదు. మిగతా కుర్రాళ్ళు ఊరుకుంటారా?

"ఏం సెంటీమీటరూ, ఆ చూపేంట్రా? గుంత తవ్వుతున్నావా, పెళ్ళిచూపులా?"

ఆమె కోపం నటించేది. గాజులు వేసుకోకూడదన్న రూలున్నా, గోళ్ళు మాత్రం శుభ్రంగా కత్తిరించుకుని వచ్చేది. తన చేతుల్ని అంత శ్రద్ధగా చూసిన మనిషి అంతవరకూ ఎవరూ లేరు మరి.

ఒకసారి ఆమెకు జ్వరమొచ్చి రెండు రోజులు రాలేదు. తిరిగొచ్చేసరికి యార్డు మూల ఒక పైపు పగిలి ఉంది.

"నేను లేకపోతే పైపు పగలగొట్టావంట?"

"సిగ్నలిచ్చినవాడు సరిగ్గా ఇవ్వలేదు." తల దించుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "నువ్వు లేకపోతే నా వల్ల కాదు."

ఆ మాటను ఆమె నాలుగు రోజులు మనసులో దాచుకుంది. బస్సులో తలుచుకుంది, అన్నం తింటూ తలుచుకుంది. ఎందుకే ఒక్కదానివే నవ్వుకుంటున్నావని అమ్మ రెండుసార్లు అడిగింది.

అయిదో రోజు సాయంత్రం వాన పట్టుకుంది. బస్సు షెల్టరులో ఇద్దరే మిగిలారు. అతని ఎడమ చెంప మీద బురద చుక్క ఉంది. తుడుద్దామని చెయ్యెత్తింది. వేళ్ళు కంటి దాకా వెళ్ళినా అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. రెప్ప కూడా వాల్చలేదు.

బెట్టు చేస్తున్నాడనుకుంది. సరదాగా అరచేత్తో అతని కుడి కన్ను మూసింది.

"నా రెండో చేత్తో ఎన్ని వేళ్ళు చూపిస్తున్నానో చెప్పు చూద్దాం."

అతను రోడ్డు వైపే ముఖం పెట్టి అన్నాడు, "మూడు."

ఆమె పిడికిలి బిగించి ఉంది.

"మళ్ళీ చెప్పు."

"రెండా?" అన్నాడు. గొంతు బాగా తగ్గిపోయింది.

ఆమె చెయ్యి తీసేసింది. వాన రేకుల మీద దబదబా కొడుతోంది.

"ఎప్పట్నుంచి?"

"ఆరేళ్ళప్పుడు రాయి తగిలింది."

"మరి మెడికల్ టెస్టులో?"

"గోడ మీది అక్షరాలు కుడి కంటితో చదివి బట్టీ పట్టాను. ఎడమ కన్ను చదువుతున్నట్టు అప్పజెప్పేశాను."

"బకెట్టుకీ పైపుకీ మధ్య దూరం నీకెలా తెలుస్తుంది?"

"తెలీదు. జానెడుందో బెత్తెడుందో నీ చేతులు చెప్తాయి."

నాలుగు రోజులుగా దాచుకున్న మాట గుర్తొచ్చి ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "అంటే నీక్కావలసింది నేను కాదు. నా చేతులు."

"అలా అనకు." అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఇంకా పదకొండు రోజులే. ఫైనల్ టెస్ట్ ఒక్కటి దాటించు. మా నాన్న ఇరవై రెండేళ్ళు ఆ సీట్లో కూర్చున్నాడు. నడుం పడిపోయి ఇంటికొచ్చేశాడు. నన్నా సీట్లో చూడాలని తప్ప ఆయనకింకో కోరిక లేదు."

"తర్వాత సైట్లో నీకు సిగ్నల్ ఎవరిస్తారు?"

"అప్పుడు చూసుకుందాం."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆమె అతని ముఖంలోకి చూసింది. ఆ ముఖమంటే ఆమెకు ప్రాణం. అందుకే "సరే" అంది.

నోట్లో నువ్వుగింజ నానని హారన్ పదకొండు రోజులు నోరు విప్పలేదు. "ఇల్లింత నిశ్శబ్దంగా ఉందేంటే? మళ్ళీ జ్వరమా?" అని అమ్మ నుదురు పట్టుకు చూసింది.

టెస్ట్ రోజు ఇంట్లోవాళ్ళను రానిచ్చారు. అతని తండ్రి చేతికర్రతో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో నీలం గళ్ళ పాత మెత్త. ఇరవై రెండేళ్ళు బండి సీటు మీద వేసుకున్న మెత్త అది. మధ్యలో అణిగిపోయి ఆయన కూర్చున్న గుంట అలాగే ఉంది.

"నమస్తే బాబాయ్," అంది ఆమె.

"బాబాయేంటమ్మా! నేను బాబాయినైతే మావాడు నీకు అన్నయ్యైపోడూ?" పెద్దాయన బోసినవ్వు నవ్వాడు. "వాడి మాటల నిండా నువ్వే. మావయ్యా అను."

ఆమెకు సిగ్గూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "టెస్ట్ అయ్యాక అంటాను," అని తప్పించుకుంది.

పెద్దాయన మెత్తను కొడుక్కిచ్చాడు. అతను దాన్ని సీటు మీద వేసుకుని కూర్చున్నాడు.

గొలుసుకు కట్టిన సిమెంటు పైపును గుంతలోకి దించి, అప్పటికే అక్కడున్న పైపుకు జత చెయ్యాలి. అదే పరీక్ష. గుంతలో పైపులు కలిపే ఫిట్టరు ఒకడున్నాడు. ఆమె అంచున నిలబడింది. పైపు చక్కగా దిగింది. అడుగు... జానెడు... బెత్తెడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడు ఫిట్టరు రెండు పైపుల మూతుల మధ్య చెయ్యి పెట్టి రబ్బరు రింగు సర్దసాగాడు. ఆమె అరచెయ్యి మెల్లగా అంది. బండి నెమ్మదించింది. ఆమె తలెత్తి అతన్ని చూసింది. అతను ఫిట్టరు వైపు చూడటం లేదు. ఆ చేతి వైపూ చూడటం లేదు. ఆమె అరచేతినే చూస్తున్నాడు, నమ్మకంగా.

ఇప్పుడు నాకో తుమ్మొస్తే ఆ మనిషికి చెయ్యుండదు, అనిపించిందామెకు. రేపు ఈ అంచున తను ఉండదు. ఎవరో ఉంటారు. వాళ్ళకూ తుమ్ములొస్తాయి. రెండు కళ్ళున్నవాడైతే దూరం చూసి తానే ఆపుకుంటాడు, ఇతను ఆపుకోలేడు.

ఆమె చేతులు బార్లా చాపింది.

బండి ఉన్నచోట ఉన్నట్టు ఆగింది. గుంతలో ఫిట్టరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎందుకాపావ్?" మాస్టారు దగ్గరికొచ్చారు.

రింగు సర్దుకోలేదని చెప్తే సరిపోయేది. అందరూ నమ్మేవాళ్ళు. క్యాబిన్‌లోంచి అతను కూడా అదే అనుకుని, మళ్ళీ కదలమంటుందని చిన్నగా నవ్వుతూ ఎదురుచూస్తున్నాడు.

"అతనికి ఎడమ కన్ను కనబడదు సార్," అంది.

అది తేల్చడానికి డాక్టరుకు పావుగంట కూడా పట్టలేదు. డ్రైవింగ్ కోర్సు నుంచి అతని పేరు కొట్టేశారు. పెద్దాయన కొడుకు చేతిలోంచి మెత్త తీసుకుని, దులిపి, చంకలో పెట్టుకుని కర్ర టకటకలాడిస్తూ గేటు వైపు నడిచాడు. అతను తండ్రి వెనకే వెళ్ళబోతూ ఆమె దగ్గర ఆగాడు.

"సరే అన్నావుగా," అన్నాడు.

ఆమె అతని దారికి అడ్డంగా నిలబడింది. "నువ్వు ప్రేమించింది నన్నా, నా చేతుల్నా? అదొక్కటీ చెప్పి వెళ్ళు."

అతను చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

"మంచి పనే చేశావమ్మా," అన్నారు మాస్టారు. ఆమె ఫస్ట్ క్లాసులో పాసైంది. ఆ మాటా, ఆ క్లాసూ ఆమె ఏడుపును ఆపలేకపోయాయి. ఒకరోజు ఉండబట్టలేక అతని వీధి దాకా వెళ్ళింది. అరుగు మీద పెద్దాయన కనిపించాడు. ఏ ముఖం పెట్టుకుని పలకరించాలో తెలియక మలుపు నుంచే వెనక్కి తిరిగింది.

పధ్నాలుగు నెలలు గడిచాయి. ఆమె ఇప్పుడు మురుగుకాలవల పనిలో బండి నడుపుతోంది. సైట్లో ఎవరికీ ఆమె పాత పేరు తెలియదు, ఎందుకంటే ఆమె పెద్దగా మాట్లాడదు.

ఒక ఉదయం బండి ముందు ఎవరో చేతులు బార్లా చాపి నిలబడ్డారు. ఆమె వెంటనే ఆపింది. ఇంజను కూడా కట్టేసింది. హెల్మెట్ కింది ముఖం గుర్తుపట్టి, కిందికి దిగింది.

"ఎందుకాపావ్?" అంది.

"ఆపినవాళ్ళు కారణం చెప్పాలిగా." భుజానికి తగిలించుకున్న మూడుకాళ్ళ స్టాండు దించాడు అతను. "నేల ఎత్తుపల్లాల లెవెల్ చూసే పనికొచ్చాను. మాస్టారే నన్ను సివిల్ సెక్షన్లో వేశారు. దీని మీది గొట్టంలోంచి చూడ్డానికి ఒక్క కన్ను చాలు. రెండు కళ్ళున్న మహానుభావులు కూడా ఒకటి మూసుకోవాల్సిందే."

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే తడిసిపోయింది. "మీ నాన్న ఎలా ఉన్నారు?"

అతను సంచిలోంచి నీలం గళ్ళ మెత్త తీశాడు. ఆమెకు అర్థమైంది.

"రెండు నెలలైంది," అన్నాడు. "ఇది ఆ పిల్లకివ్వరా అన్నాడు. కోపం లేదా నాన్నా అనడిగాను. నా ఇరవై రెండేళ్ళలో అలాంటి సిగ్నల్ మనిషి ఒక్కళ్ళు దొరికినా నిశ్చింతగా నిద్రపోయేవాణ్ణిరా అన్నాడు." మెత్తను ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వొకసారి మా వీధి మలుపు దాకా వచ్చి వెళ్ళిపోయావంట. నాన్న చూశాడు. లేచి పిలుద్దామంటే నడుం లేవనివ్వలేదు. ఆ పిల్ల చేత మావయ్యా అనిపించుకోకుండానే పోతున్నానని, అదొక్కటే బాధపడ్డాడు."

ఆమె మెత్తలో ముఖం దాచుకుని ఏడ్చింది. అతను పక్కనే నిలబడ్డాడు.

"మరి నువ్వు ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

"మొదట కోపం, తర్వాత సిగ్గు. అదీకాక నువ్వడిగినదానికి జవాబు నాకే తెలీదు. ఇప్పుడు నా పనికి నీ చేతులక్కర్లేదు. ఏడాదిగా ఎవరి చేతులూ అక్కర్లేదు. అయినా పొద్దున్నే లేస్తే నువ్వే గుర్తొస్తావు. నీ అరుపులు కూడా. అది చెప్పాలనే వచ్చాను."

"చెప్పావుగా."

"ఇంకొకటుంది." అతను నాలుగు పెద్ద అడుగులు వెనక్కి వేశాడు. "ఆ రోజు నన్నాపింది నువ్వు. మళ్ళీ కదలమని ఇంతవరకూ అనలేదు."

ఆమె మెత్తను చంకలో ఇరికించుకుని, రెండు అరచేతులూ తన వైపు తిప్పి ఊపింది. అతను అడుగు వేశాడు. మెల్లగా, అంది ఆమె చెయ్యి. జానెడు, బెత్తెడు... ఆపమని ఆమె సైగ చెయ్యలేదు.

కాసేపటికి ఆమె క్యాబిన్ ఎక్కింది. సీటు మీద మెత్త వేసింది. మధ్యలో పెద్దాయన గుంట ఇంకా అలాగే ఉంది. అందులో కూర్చుని ఇంజను మొదలుపెట్టింది.

"మావయ్యా," అంది. ఇంజను హోరులో ఆ పిలుపు ఎవరికీ వినబడలేదు.