ఊపిరి గుర్తులు

మిరపకాయలు ఎండబెట్టే రోజుల్లో మా ప్రత్తిపాడు చర్చిలో మధ్యాహ్నం పూట కిటికీలు తెరవం. పక్కనే కల్లం. గాలి ఇటు మళ్లిందంటే పాస్టరు గారి ప్రార్థన కూడా తుమ్ములతోనే ముగుస్తుంది. అందుకే ఆ రోజు నేనూ ఫెబా క్వయర్ గది తలుపులన్నీ బిగించుకుని, ఫ్యాను వేసుకుని కూర్చున్నాం.

ఫెబా మా క్వయర్ మాస్టారు సంజీవరావు గారి మనవరాలు. ఆయన పోయి ఏడాది. నలభై ఏళ్లు ఆయన దగ్గర బేస్, అంటే అన్నిటికన్నా కింది గొంతు, పాడాను. గుంటూరులో బీయస్సీ చదివేటప్పుడు కూడా ఆదివారం బస్సెక్కి వచ్చేవాణ్ణి. ఆ బస్సులో కిటికీ సీటు కోసం పడ్డ గొడవలు వేరే కథ. మాస్టారు చేత్తో రాసుకున్న సోల్ఫా పుస్తకాన్ని చెదలు తింటున్నాయి. పూర్తిగా పోయేలోగా కంప్యూటర్‌లోకి ఎక్కించాలని పిల్ల పట్టుబట్టింది. నేను చదవడం, తను కొట్టడం.

సోల్ఫాలో స్వరాలు అక్షరాలుగా, ఒక్కో గొంతుకు ఒక్కో వరుసలో ఉంటాయి. పక్కన గీత ఉంటే ఆ స్వరాన్ని సాగదీయాలి. కంప్యూటర్‌కి అలా కుదరదట. ప్రతి స్వరానికీ ఒక అంకె, అది ఎంతసేపు మోగాలో ఇంకో అంకె. లెక్కలు చెప్పి బతికినవాణ్ణి, నాకది నచ్చింది.

“దో, గీత, గీత, గీత... పైన టిక్కు.”

“టిక్కేంటి తాతయ్యా?”

“ఊపిరి గుర్తు. మీ తాత పెన్సిల్‌తో పెట్టాడు. అక్కడ ఆగి గాలి పీల్చుకోవాలి.”

“పెట్టొచ్చులే గానీ, కంప్యూటర్‌కి ఊపిరెందుకు? ఆయాసం మీకు, దానికేం రోగం!”

నవ్వాను. “సరే, వదిలెయ్.”

ముప్పై రెండు బార్ల పాట, అంటే ముప్పై రెండు తాళం గళ్లు. ఒక్క టిక్కూ పెట్టలేదు.

ఫెబా ప్లే నొక్కింది. నాలుగు కంప్యూటర్ గొంతులు ‘ఆ’ అని ఎత్తుకున్నాయి. అలవాటు కొద్దీ నేను బేస్ అందుకున్నాను. తను పై గొంతు, సోప్రానో, కలిపింది. మొదటి టిక్కు ఉండాల్సిన చోటు వచ్చింది. ఆగబోయాను.

ఆగలేకపోయాను.

నోరు మూతపడలేదు. గొంతు నాది కానట్టు సాగుతూనే ఉంది... రొమ్ములో గాలి అడుగంటుతోంది. ఫెబా వైపు చూశాను. కళ్లు పెద్దవై, పెదాలు నీలంగా మారుతున్నాయి...

తను స్టాప్ నొక్కింది. పాట ఆగలేదు. లాప్‌టాప్ మూసేశాను. ఆగలేదు. తలుపు దగ్గరికి పరుగెత్తాను. గడియ కదల్లేదు. గదిలో ఎక్కడినుంచో లవంగాల వాసన. పాటకు ముందు మాస్టారు లవంగం నమిలేవారు...

బయట కల్లంలో ఆడవాళ్లు నవ్వుకుంటున్నారు.

“ముసలాయన ఇవాళ భలే దమ్ము పట్టాడే!” అందొకావిడ.

పుస్తకం లాక్కుని టిక్కు మీద వేలితో కొట్టాను. మళ్లీ కొట్టాను. ఫెబాకి అర్థమైంది. లాప్‌టాప్ తెరిచి గుర్తు పెట్టింది. తన వరుసలో కాదు... నా వరుసలో.

గాలి. రొమ్ములోకి గాలి పడింది.

తను కుర్చీలోంచి కిందికి జారిపోయింది. తన గొంతు మాత్రం పైన మోగుతూనే ఉంది. ఎన్నడూ కంప్యూటర్ వాడనివాణ్ణి. తను నొక్కిన చోటే నొక్కాను. తప్పు. మళ్లీ నొక్కాను. తప్పు... మూడోసారి పై వరుసలో టిక్కు పడింది.

ఫెబా దగ్గింది. పాట ఆగింది. గడియ ముట్టుకోగానే వచ్చేసింది. ఇద్దరం కల్లం గట్టు మీద కూర్చుని ఆ ఘాటునే కడుపునిండా పీల్చుకున్నాం.

ఈ ఉదయం ఫెబా ఫోన్ చేసింది.

“తాతయ్యా,” గుసగుసగా అంది, “ఫైల్ పొడుగైపోయింది. నాలుగు వేల బార్లు దాటింది. స్వరాలేం లేవు. మీ వరుసలో, నా వరుసలో... టిక్కులే. చెరిపేస్తే ఏమవుతుందంటారు?”

గట్టిగా ఊపిరి పీల్చాను.

“ఇప్పుడే మీ వరుసలో ఇంకోటి పడింది,” అంది ఫెబా.