ముఖం లేని కళం

అసురసంధ్య వేళ... కర్కాటక మాసపు వాన ఎడతెరిపి లేకుండా కురుస్తోంది. భారతప్పుళ నది మీద ఆకాశం ఫెళఫెళమంటూ ఉరిమింది. పనసచెట్టు తొర్రలోంచి గుడ్లగూబ ఒక్కసారి అరిచి ఊరుకుంది. అమ్మవారి తోపులో, పాడుబడిన కావు మండపంలో, ఒంటి దీపం ముందు, కేలు కురుప్పు వంగి నేల మీద నల్లపొడి జారవిడుస్తున్నాడు. అతని నడుము ఎప్పుడో పడిపోయింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా లేవడానికి వీల్లేదు!

స్తంభానికి కట్టేసి ఉంది అతని భార్య దాక్షాయణి. జుట్టు విరబోసుకుని, కళ్ళు తేలేసి, మగగొంతుతో గుర్రుమంటోంది. ఆమె మీదికి ప్రేతాన్ని ఉసిగొల్పిన ఇక్కండన్ మంత్రవాది కపాలాన్ని ఒళ్ళో పెట్టుకుని తాపీగా తాంబూలం నములుతున్నాడు.

"త్వరగా కానీ కురుప్పూ! నాకు కావలసింది బొమ్మ కాదు, లోతు! నా ప్రేతాలు శాశ్వతంగా కాపురముండే లోతు! అది తెరుచుకుంటే నీ పెళ్ళాం నీ ఇంటికొస్తుంది. లేదంటే... దాని మీద ఆశ వదులుకో!"

జీవితమంతా బియ్యప్పిండి, పసుపు, ఊక కాల్చిన మసితో నేల మీద భద్రకాళి కళం, అంటే అమ్మవారి నిలువెత్తు ముగ్గుబొమ్మ, పరిచినవాడు కురుప్పు. ముసలితనంలో ముఖం వేయడం మానేశాడు. కళ్ళు లేవు, కోరలు లేవు. వట్టి గీతలు, వట్టి వలయాలు! వసారాలో వేసుకోవడం, చూసుకోవడం, చెరపడం.

"ఇదేం పిచ్చి కురుప్పన్నా? అమ్మవారు ఎక్కడ కూర్చోవాలి, నీ నెత్తినా?" అని కళం దగ్గర డోలు వాయించే శంకు మారార్ ఒకరోజు వెక్కిరించాడు.

"ఆమెని గీసీ గీసీ అలిసిపోయాన్రా. ఆమె వెనకాల ఏముందో చూడాలనుంది."

ఆ మాట ఇక్కండన్ చెవిన పడింది. ముఖం లేని కళానికి దేవత కాపలా ఉండదని వాడి లెక్క.

ఈ మండపంలో కురుప్పు మొదట నలుపు మీద నలుపు పోశాడు. పొయ్యి మసిలా చదునుగా ఉండిపోయింది. బూడిదరంగు కలిపితే పైకి తేలింది. చెరిపాడు... మళ్ళీ వేశాడు... మళ్ళీ చెరిపాడు. చివరికి విసుగొచ్చి నలుపును వదిలేసి అంచు మీద పడ్డాడు. అంచున పొడిని గట్టులా ఒత్తుగా పోసి, లోపలికి పోయేకొద్దీ పలచన చేస్తూ, వలయాలను ఇరుకు చేస్తూ వెళ్ళాడు. గట్టు మీద చిటికెడు తెల్లపిండి జారవిడిచాడు. అంతే! నేల కిందికి దిగిపోయింది! భయమేసింది. అంతకంటే ఎక్కువ సంతోషమేసింది. భార్యను అక్కడ కట్టేసి ఉంచితే తనకు సంతోషమేమిటని సిగ్గుతో చచ్చిపోయాడు.

"హ్రీం... ఫట్!" ఇక్కండన్ కపాలాన్ని విసిరాడు. అది నలుపులో మునిగిపోయింది. అడుగు తాకిన చప్పుడే రాలేదు!

"చెప్పినట్టే చేశాను. మా ఆవిడని వదిలెయ్యి, నీకు దణ్ణం పెడతాను."

"వదలడమా? ఈ గోతిలో మొదటి కాపురం దీనిదేరా ముసలోడా!" వికటాట్టహాసం చేస్తూ వాడు తాడు తెంచి, ఆమెను జుట్టు పట్టి అంచుకు ఈడ్చాడు.

లేచి కలబడే ఓపిక కురుప్పుకు లేదు. కానీ ఏ కళమైనా తల నుంచి పాదం దాకా ఒక నిలువు గీతతోనే మొదలవుతుంది. అది అమ్మవారి వెన్నెముక. ఆ గీత లేకుండా మొదలుపెట్టడం అతని చేతికి రాదు. ఆ నలుపు అడుగున అది ఉంది!

"ముఖం వెయ్యలేదు, తప్పే! ఆ గీత మాత్రం నీదేనమ్మా!" అమ్మవారు ఒంటి మీదికొచ్చి పాదాలతో కళం తుడిచేటప్పుడు వాయించే దరువును అరచేతులతో నేల మీద కొట్టాడు.

దాక్షాయణి గొంతులోని మగగొంతు పుటుక్కున తెగింది. కళ్ళు నిప్పులయ్యాయి. కళంలో ముఖం దొరకని తల్లి ఆమె ముఖాన్నే తొడుక్కుంది! ఒక్క విదిలింపుతో జుట్టు విడిపించుకుని, గజ్జెల్లేని పాదాలతో వలయాలను తుడుస్తూ ఆడింది... లోతులోంచి ప్రేతాల హాహాకారాలు!

"తుడవకు! నా లోతు! నాది!" ఇక్కండన్ పిచ్చెత్తి అడ్డంగా కళంలోకి దూకాడు. అమ్మవారు తప్ప ఎవరూ కాలు పెట్టకూడని చోటు అది! నడుము దాకా... గొంతు దాకా... చివరికి అరుస్తున్న ఆ నోటి మీదుగా ఆమె పాదం పొడిని చదును చేసింది.

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నేల మీద కలగాపులగమైన పొడి.

దాక్షాయణి కూలబడి మామూలు కళ్ళతో చూసింది. "ఏమండీ... కళం అయిపోయిందా? నన్ను లేపలేదేం?"

తుడిచిన కళం పొడి అమ్మవారి ప్రసాదం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న అలవాటుతో ఆమె చిటికెడు తీసి నుదుటికి ఎత్తింది.

"వద్దే!" కురుప్పు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె వేళ్ళ మధ్య ఆ పొడి సన్నగా మూలిగింది!

ఆమెను చూరు కిందికి లాక్కెళ్ళి, ఆ చేతిని ధారలో పెట్టి, గోళ్ళ సందుల్లో రేణువు కూడా మిగలకుండా కడుగుతూనే ఉన్నాడు.