కప్పులేని బండి

రేపల్లె దాటి నగరం అనే ఊరి వైపు వెళ్తుంటే ఎడమచేతి పక్కన మూతపడ్డ రైసుమిల్లు ఒకటుంది. చీకటి పడ్డాక దాని ముందు ఆటోలు ఆగవు. చెయ్యెత్తినా ఆగవు. లోపల వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం మీద ఎవరో కారు తోలుతున్న చప్పుడు వస్తుందంటారు... గేటు సందులోంచి చూస్తే మాత్రం కళ్లం ఖాళీగా ఉంటుందట.

విన్నది విన్నట్టే చెబుతున్నాను. నమ్మేదీ మానేదీ మీ ఇష్టం.

మిల్లు యజమాని కొడుకు జగన్నాథరావుకి యాభై అయిదేళ్ల కిందట కారు పందేల పిచ్చి పట్టింది. మిల్లు షెడ్డులోనే సొంతంగా ఓ పందెం కారు కట్టించుకున్నాడు. సొరకాయలాంటి ఒళ్లు, బయటికి పొడుచుకొచ్చిన నాలుగు చక్రాలు, ఒక్క మనిషి దిగి కూర్చునే గుంట. కప్పు లేదు, తలుపులు లేవు. ఆ కళ్లం మీద సాధన చేస్తూనే బోల్తా పడి చచ్చిపోయాడు. అప్పటినుంచీ కారు షెడ్డులోనే ఉండిపోయింది. మిల్లుకి చెడ్డపేరూ అప్పుడే వచ్చింది.

ఇన్నేళ్లకి ఆయన మేనకోడలు, బాపట్లలో లెక్చరరుగా చేసే ఝాన్సీలక్ష్మి, ఆ కారుని చెన్నైలో పాత పందెం కార్ల ప్రదర్శనకి పంపాలనుకుంది. తెనాలి మెకానిక్ కిరణ్ కుమార్‌కి పని అప్పజెప్పింది. అక్కడ దాన్ని నడపాల్సింది కిరణ్ తమ్ముడు సుధీర్. అమ్మానాన్నలు పోయాక కిరణే వాణ్ణి పెంచాడు. అందుకే బుధవారం సాయంత్రం, మిగతా పనులన్నీ పక్కన పెట్టి, సీటుకి బెల్టు బిగించాడు. ఇరవయ్యేళ్లుగా కార్లు బాగుచేస్తున్నవాడికి బెల్టు సంగతి ఇంకొకరు చెప్పాలా?

గురువారం పొద్దున వచ్చి చూస్తే బెల్టు ఊడి ఉంది. బోల్టులు నాలుగూ ఓ గుడ్డ మీద, విప్పిన వరసలో పేర్చి ఉన్నాయి. షెడ్డు తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది.

మళ్లీ బిగించాడు. శుక్రవారం పొద్దున... మళ్లీ అదే.

 ఆదివారం సుధీర్ కళ్లం మీద కారు నడిపి చూడాలి. ఇది దెయ్యమో మనిషో తెలీదుగానీ, ఎవరో తమ్ముడి ప్రాణం మీదికి తెస్తున్నారు. వాళ్లని పట్టుకోకుండా ఇంటికెళ్తే ఇక నిద్ర పట్టేట్టు లేదు.

ఆ రాత్రి బెల్టు మూడోసారి బిగించి, షెడ్డుకి లోపలినుంచి గడియ పెట్టుకుని, గోనెసంచుల వెనక నక్కాడు. ఫోను ఆర్పేశాడు. పదకొండయింది... పన్నెండయింది... బయట కుక్కలు కూడా నోరు మూసుకున్నాయి.

టక్... టక్...

స్పానరు చప్పుడు. గడియ తీసిన అలికిడి లేదు. అడుగుల సవ్వడి లేదు.  కిరణ్ సంచుల మీదుగా మెల్లిగా తల ఎత్తాడు.

కారు గుంటలోకి సగం వంగి... ఎవరో ఉన్నారు. పైకప్పు చిల్లుల్లోంచి పడే వెన్నెల్లో తెల్లజుట్టు. బక్కచిక్కిన చేతులు.

"ఎ... ఎవరది?"

"అరవకు అబ్బాయ్." గొంతు బాగా వయసు మళ్లినవాడిది. తల తిప్పలేదు. "బోల్టులు కింద పడితే ఈ చీకట్లో దొరకవు."

"ఎందుకు విప్పుతున్నావు తాతా? రేపు మావాడికేమన్నా అయితే?"

"అవ్వకూడదనే విప్పుతున్నా." చేతులు ఆగాయి. "కప్పున్న బండిలో బెల్టు కాపాడుద్ది. ఇది కప్పులేని బండి. బోల్తా పడితే మనిషిని సీటుకి కట్టేసి, తలతో బండిని మోయిస్తది. మా రోజుల్లో అసలు బెల్టే కట్టేవాళ్లు కాదు... మంటలంటుకుంటే ఇరుక్కుపోతారని. విసిరేస్తే ఏ ఇసుకలోనో పడి బతుకుతామని ఆశ."

 కిరణ్ పుట్టి బుద్ధెరిగి బాగుచేసినవన్నీ కప్పున్న కార్లే. ఆ మాటే తట్టలేదు.

"ఈ బండి కట్టింది నేనే. జగన్నాథరావు అయ్యగారు విదేశీ కారు బొమ్మ తెచ్చి, అందులో ఉన్న బెల్టు కావాలన్నారు. బిగించాను. అదే బొమ్మలో తల వెనక వంచిన ఇనప గొట్టం కూడా ఉంది. కారుని తోయడానికి పెట్టుకున్న పిడి అనుకున్నాను అబ్బాయ్..." ముసలాయన విప్పిన బోల్టుని గుడ్డ మీద పెట్టాడు. "తిరగబడితే తల నేలకి తగలకుండా ఆపేది అదేనంట. ఆయన పోయాక తెలిసింది."



"నువ్వెవరు తాతా?"

"బర్నబాసుని. చర్చి వెనక సందు. గొట్టం... మీవాడి తలకంటే జానెడు ఎత్తు ఉండాల."

ఫోను వెలిగించేసరికి అక్కడెవరూ లేరు. బోల్టులు నాలుగూ గుడ్డ మీద ఉన్నాయి. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. వెనక రేకుల్లో ఎక్కడో సందు ఉండి ఉంటుందని కిరణ్ గట్టిగా అనుకున్నాడు. అనుకోకపోతే తెల్లారేదాకా అక్కడ కూర్చోలేడు మరి.

శనివారం ఝాన్సీలక్ష్మికి ఫోను చేస్తే, "గొట్టం పెడితే మామయ్య కారులా ఉండదండీ," అని గొణిగింది.

"లేకపోతే మా తమ్ముణ్ణి కారెక్కనివ్వనండి," అన్నాడు కిరణ్. ఆ మాటకి ఆమె దిగొచ్చింది. సుధీర్‌ని సీట్లో కూర్చోబెట్టి, తల మీద జాన కొలిచి మరీ గొట్టం అతికాడు. ఆ తర్వాతే బెల్టు బిగించాడు.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక సుధీర్ కారెక్కాడు. రెండు చుట్లు బాగానే తిరిగాడు. మూడో చుట్టులో ముందు చక్రం కళ్లం అంచు గట్టుకి తగిలి... కారు గాల్లోకి లేచి బోర్లా పడింది.

"ప్రభువా!" కిరణ్ పరిగెత్తాడు.

గొట్టం సిమెంటుని గీరుకుంటూ పోయి ఆగింది. దాని కింద సుధీర్ బెల్టుకి తలకిందులుగా వేలాడుతున్నాడు. తలకీ నేలకీ మధ్య జానెడు ఖాళీ ఉంది.

"అన్నా... ముందు నన్ను దించు, తర్వాత ఏడుద్దువుగాని."

ఆ సాయంత్రమే అన్నదమ్ములిద్దరూ బత్తాయిలు పట్టుకుని చర్చి వెనక సందుకి వెళ్లారు. బర్నబాసు కూతురు దేవకుమారి తలుపు తీసింది. లోపల మంచం మీద తెల్లజుట్టు మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"లేపుతావా అక్కా? మొన్న రాత్రి ఆయన మేం కారు బాగుచేసే మిల్లు షెడ్డుకొచ్చి..." అన్నాడు కిరణ్.

"ఎవరు, మా నాన్నా?" దేవకుమారి ఆశ్చర్యంగా చూసింది. "పక్షవాతం వచ్చి నాలుగేళ్లయిందండి. మాట కూడా పడిపోయింది. ఇంకెవరినో చూసుంటారు."

కిరణ్ మంచం వైపు తొంగి చూశాడు.

ఆమె గొంతు తగ్గించింది. "మీరు మెకానిక్కులు గదా, ఒకటడుగుతాను. గురు, శుక్ర, శనివారాలు పొద్దున్నే చూస్తే నాన్న చేతుల నిండా గ్రీజండి. ఇంట్లో సైకిలు కూడా లేదు. ఎంత సబ్బు రుద్దినా పోవట్లేదు... దేంతో పోద్దండీ అది?"