అమ్మలక్క లెక్క

సోమగిరిలో పిల్లల గౌనులకు అంచులో ఇనుప గుండ్లు పెట్టి కుడతారు. చంద్రుడి మీద బరువు భూమి మీది బరువులో ఆరో వంతే. ఏడాది పిల్ల అలిగి నేలకు కాలు తాటించిందంటే, ఆ అలక కప్పుదాకా వెళ్లి తల బొప్పి కట్టించుకుని గాని కిందికి దిగదు. అందుకే పాకుడు గదిలో కప్పుకింద మెత్తటి వల కట్టారు. గడియారం సాయంత్రమని చెప్పగానే తల్లులూ తండ్రులూ పిల్లల్ని తెచ్చి అక్కడ వదిలి, గోడవారగా చతికిలబడతారు. మాట్లాడుతూ మాట్లాడుతూనే చెయ్యి చాచి, పైకి లేచిపోతున్న ఏదో ఒక కాలు పట్టుకుని కిందికి లాగుతారు. ఆ కాలు ఎవరి పిల్లదన్నది తరవాతి సంగతి. మాట మాత్రం ఆగదు.

ఆ మాటల కోసమే అమ్మలక్క పుట్టింది.

దాని అసలు పేరు శిశుపోషణ సలహా సమన్వయ వ్యవస్థ. ఆ పేరు పెట్టిన స్థావర మండలివాళ్లే దాన్ని అమ్మలక్క అంటారు. భూమి మీది సలహాలు ఇక్కడ చెల్లవు. ఉయ్యాల ఒకసారి ఊపితే అది నింపాదిగా వెళ్లి తిరిగొచ్చేలోపు తల్లికి నిద్ర పడుతుంది, పిల్లకు పట్టదు. పాలు పట్టి భుజాన వేసి తడితే తేన్పుకు బదులు పాలే వస్తాయి. చందమామను చూపించి రెండు ముద్దలు పెడదామంటే, కూర్చున్నదే దాని మీద. అంచేత ఇక్కడి తల్లిదండ్రులు ఒకరికొకరు చెప్పుకునే చిట్కాలే దిక్కు. వాటిలో ఏది పనిచేస్తుందో, ఏది ఉత్త కబురో తేల్చడం అమ్మలక్క పని.

పద్ధతి తేలికైనదే. ప్రతి తల్లికీ తండ్రికీ చెవికి కమ్మంత గ్రాహకం ఉంటుంది. "పళ్లొస్తుంటే చల్లటి క్యారెట్ ముక్క చేతికియ్యండి" అని ఒకరు అనగానే అది వింటుంది. కొన్నాళ్లాగి రెండోవారిని అడుగుతుంది, పనిచేసిందా అని. ఆ జవాబులన్నీ కూడి ఒక్కో సలహాకు ఒక ఫలితాంకం కడుతుంది. పిల్లల ఒంటికి ఏ యంత్రమూ తగిలించకూడదని చట్టం ఉంది కాబట్టి, కన్నవాళ్ల మాటే దానికి ఆధారం.

దీన్ని తయారుచేసింది సువర్చల. ఆమె కూతురు ఇళకు ఏడాది దాటింది. భర్త దక్షిణ ధ్రువం దగ్గర మంచు తవ్వే పనిలో ఉన్నాడు. తెర మీద కనిపించి "మా తల్లే" అని ముద్దులు పెట్టి మాయమవుతాడు.

ఆ సాయంత్రం ఆమె ఇళను ఒళ్లో కూర్చోబెట్టుకుని పాకుడు గదిలో గోడకు చేరగిలబడింది. పక్కనే తవ్వకాల అధికారి పైడిరత్నం. ఆవిడ కొడుకు సింహాద్రి ఎదురుగా ఒక చేత్తో తన ఇడ్లీ, ఇంకో చేత్తో ఎవరిదో ఇడ్లీ పట్టుకుని ఎటునుంచి మొదలుపెట్టాలా అని చూస్తున్నాడు.

"మీవాడు తింటున్నాడాండీ?" అని ఎవరో తండ్రి అడిగాడు.

"ఏటి తింతాడండీ బాబూ! నాలుగు మెతుకులు కూడా దిగవు. గాలి పీల్చి బతికేస్తన్నాడు" అంది పైడిరత్నం. సింహాద్రి రెండు ఇడ్లీలూ ఒకేసారి నోట్లో పెట్టుకున్నాడు.

"మరి మీ ఇళ?"

"బాగానే తింటోందండీ" అంది సువర్చల.

పిల్లల కాళ్లకోసం చాచిన చేతులు చాచినట్టే ఆగాయి. వలలో చిక్కుకున్న పిల్ల కూడా ఏడుపు ఆపింది.

"అలా అనీకండమ్మా" అంది పైడిరత్నం గొంతు తగ్గించి. "మీరు చదువుకున్నోరు, నమ్మరనుకోండి. అయినా పైకి అనకూడదు."

సువర్చల నవ్వింది. నవ్వడానికి కూడా ఓపిక కూడదీసుకోవలసి వచ్చింది. ఎందుకంటే ఇళ తినడం మానేసి చాలా రోజులైంది. ముద్ద నోట్లో పెడితే నాలుకతో బయటికి తోస్తుంది. ఇక్కడ ఉమ్మిన అన్నం వెంటనే కింద పడదు. మెల్లగా, తల్లి చూస్తుండగానే, ఇంట్లో సగందూరం సాగి పడుతుంది. దాన్ని తుడవడం, మళ్లీ కలపడం, మళ్లీ పెట్టడం, మళ్లీ తుడవడం. చివరికి గిన్నెలో మిగిలింది పారెయ్యడానికి మనసొప్పక తనే తినేది. ఇళ కాళ్ల పట్టీలు వదులయ్యాయి. సువర్చల యూనిఫాం బిగుతైంది.

అడగవచ్చు కదా అంటే, ఎలా అడుగుతుంది? సోమగిరిలో పిల్లలందరి తిండికీ లెక్క కట్టే యంత్రం చేసినావిడ తన పిల్లకు ముద్ద తినిపించలేకపోతోందని ఎవరితో చెప్పుకుంటుంది? డాక్టరుగారు పక్క స్థావరం నుంచి ఋతువుకోసారి వస్తారు. ఋతువులు లేకపోయినా ఆ లెక్క అలాగే ఉండిపోయింది. మధ్యలో తెర మీద పలకరించి "పాప తింటోందా అమ్మా?" అన్నప్పుడు, ఆవిడకూ ఈమె ఆ మాటే చెప్పింది. ఒకసారి చెప్పిన అబద్ధం పిల్లలాంటిదే. దాన్ని సాకాలి.

మర్నాడు ప్రయోగశాలలో అమ్మలక్క మొదటి నివేదిక ఇచ్చింది. వినడానికి సువర్చల, ఆమెతో పనిచేసే పెద్ద ఇంజనీరు జోగారావు కూర్చున్నారు. ఆయనకు ఇద్దరు మనవలు, నోటినిండా కోనసీమ.

"ఇప్పటిదాకా విన్న సలహాల్లో పనిచేసినవి ఏవీ లేవు" అంది యంత్రం.

"ఏవీ లేకపోవడమేంటి?" అంది సువర్చల.

"తిండి, నిద్ర, పళ్లు, విరేచనం, అన్నిటా ఫలితాంకం సున్నా. కన్నవాళ్లు చెప్పినదాన్ని బట్టి సోమగిరిలో ఒక్కరు తప్ప పిల్లలెవరూ తినరు. ఎవరూ నిద్రపోరు. అయినా గౌనులు పొట్టి అవుతున్నాయని కుట్టుపనివాళ్లు అంటున్నారు. తిండి లేకుండా పెరిగే ప్రాణి జీవశాస్త్రంలో నాకు దొరకలేదు. వీళ్లు మొక్కలేమో పరిశీలించమంటారా?"

జోగారావు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. "దిష్టమ్మా, దిష్టి! ఏ తల్లయినా నా పిల్ల శుభ్రంగా తింటోందని నలుగురిలో అంటుందేంటి? అంటే మర్నాటికి మానేస్తుంది."

"దానికి ఆధారం?"

"ఆధారం ఏంటి నీ మొహం. మా అమ్మ చెప్పింది."

యంత్రం ఆయన్ని అడిగింది. "ఈ సంగతి మీకు ముందే తెలుసా?"

"తెలియకేం?"

"సువర్చలగారికి?"

"తెలుసు" అంది సువర్చల.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఇద్దరూ దానికి నాలుగు భాషల వ్యాకరణం నేర్పారు. పిల్లల శరీరధర్మం నేర్పారు. ఇది మాత్రం నేర్పాలని తోచలేదు. ఊపిరి ఎలా పీల్చాలో ఎవరైనా పాఠం చెబుతారా?

"సరే, దిద్దుకో" అంది సువర్చల. "నలుగురిలో తినడం లేదన్నవాళ్ల పిల్లలు తింటున్నారని లెక్క వెయ్యి. దీన్ని విలోమ సవరణ అనుకో."

చిటికెలో సోమగిరి కళకళలాడిపోయింది. జీలకర్ర నీళ్లు పనిచేస్తున్నాయి. స్నానం చేయించి పడుకోబెడితే నిద్రలు పడుతున్నాయి. ఉయ్యాల కన్నా గోడకు ఆనించిన గాలిపంపు చప్పుడు నయమట. జోగారావు సంబరపడిపోతూ ఒక్కోటీ పైకి చదివాడు.

"ఒక్క పిల్ల మాత్రం మిగిలింది" అంది అమ్మలక్క. "ఇక్కడ పిల్ల బాగా తింటోందన్న తల్లి ఒక్కరే. సవరణ ప్రకారం ఆ పిల్ల తినడం లేదు. ఇళ."

జోగారావు చెయ్యి ఊపేశాడు. "ఓసి పిచ్చిదానా, ఈవిడ దిష్టీ గిష్టీ నమ్మదు. ఉన్నదున్నట్టు చెప్పింది. ఈవిడకి నీ సవరణ వర్తించదు."

"అలాగే. ఆమె మాట నిజమని రాసుకోమంటారా?"

జోగారావు మాట తెరిచిన తలుపులా ఉంది. తప్పుకుపోవడానికి ఒక్క 'ఊఁ' చాలు. సువర్చల బల్ల మీది కాఫీ వంక చూసింది. పొద్దున పోసుకున్నది, తాగడమే మరిచింది.

"వద్దు" అంది.

జోగారావు నవ్వు మొహం మీదే ఉండిపోయింది. "అంటే?"

"తినడం లేదు బాబాయిగారూ. పట్టీలు జారిపోతున్నాయి."

"మరి మీ ఇంటి గిన్నెలు ఖాళీగానే వస్తున్నాయి కదమ్మా వంటశాలకి?"

"నేను తింటున్నాను."

ఆయన ఆమెను కిందినుంచి పైదాకా ఒకసారి చూశాడు. "ఆఁ, అదీ కనబడుతూనే ఉందిలే" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఏడుపైంది. ఆయన లేచి చల్లారిన కాఫీ పారబోసి, వేడిది తెచ్చి ముందు పెట్టాడు.

"ముందు డాక్టరుగారికి నిజం చెప్పండి" అంది అమ్మలక్క.

చెప్పింది. డాక్టరుగారు తిట్టలేదు. ఇళను తెర ముందు ఎగిరించి, నోరు తెరిపించి, పొట్ట నొక్కించి చూశారు. జబ్బేమీ కనపడలేదన్నారు. ఈ వారంలో తినకపోతే తనే బండి కట్టించుకుని వస్తానన్నారు.

"ఇక నీ దగ్గరేముంది?" అని సువర్చల యంత్రాన్ని అడిగింది.

"అన్నిటికన్నా ఎక్కువ ఫలితాంకం ఉన్న సలహా ఇది. పిల్లను ఇంకో పిల్లవాడి పళ్లెం దగ్గర కూర్చోబెట్టాలి. మీరు అటు తిరిగిపోవాలి. నోటివంక చూడకూడదు."

"ఎవరు కనిపెట్టారిది?"

"ముగ్గురు తండ్రులు. వాళ్లు అటు తిరిగింది నిద్రపోవడానికి."

ఆ సాయంత్రం సువర్చల పాకుడు గదిలోకి వెళ్లి, నిలబడే చెప్పింది. "మా ఇళ తినడం లేదండీ."

అందరూ తలలూపారు. "ఎవరు తింటున్నారులెండి" అన్నాడొక తండ్రి. "ఇప్పుడు దారిలో పడ్డారమ్మా" అని పైడిరత్నం మెచ్చుకుంది.

"కాదండీ. నిజంగా తినడం లేదు."

"మావాడు మాత్రం నిజంగా తింటున్నాడా?" అందొకామె, ఉత్సాహంగా జరిగి చోటిస్తూ.

ఇన్నాళ్లు దాచిన నిజం చివరికి చెబితే, అది మర్యాద మాటల్లో కలిసిపోయింది. సువర్చల ఇళను పైడిరత్నం ఒళ్లో పెట్టి, పాప కాలు ఎత్తి చూపించింది. పట్టీ మడమ మీదుగా జారి, తొందర లేకుండా, నేల మీదికి దిగింది.

పైడిరత్నం ఆ కాలు చేత్తో పట్టుకుని చూసింది. తరవాత కొడుకు వంక చూసింది. వాడు మూడో ఇడ్లీలో ఉన్నాడు. ఆవిడ గొంతు సవరించుకుంది.

"మావోడు తింతన్నాడండి" అంది గట్టిగా, అందరికీ వినబడేలా. "రెండు పూటలా శుభ్రంగా తింతన్నాడు. అడిగి మరీ తింతన్నాడు. రా తల్లీ, ఆడి పల్లెంలో తిందువు గాని."

ఆ మాట అనడానికి ఆవిడ ఎంత గుండె చిక్కబట్టుకుందో అక్కడున్న తల్లులందరికీ తెలుసు. ఒకామె పరిగెత్తి వంటశాల నుంచి గుప్పెడు ఉప్పు తెచ్చింది. పైడిరత్నం ముందు కొడుకు తల చుట్టూ తిప్పింది. మూడుసార్లు తిప్పి, ఆలోచించి, మళ్లీ తిప్పింది. ఆ తరవాత ఇళకూ తిప్పింది. ఉప్పు కొంత వేళ్లలోంచి జారి వాళ్లిద్దరి మీదా నెమ్మదిగా రాలింది.

"ఇంక మీరు అటు తిరగండి" అని చెవిలో అమ్మలక్క గుర్తుచేసింది.

సువర్చల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బయట బూడిదరంగు నేల, దానిపైన ఎప్పుడూ ఒకే చోట ఉండే భూమి. వెనక నుంచి సింహాద్రి కేక వినపడింది, వాడి ఇడ్లీ ఎవరో లాక్కున్నట్టుంది. తరవాత పెనుగులాట. ఆ తరవాత చిన్న చప్పుడు, నోట్లో ఏదో చప్పరిస్తున్నట్టు. ఆమె మెడ తనంతట తనే తిరగబోయింది.

"ఇటు చూసేరు, చంపేత్తాను!" అంది పైడిరత్నం.

సువర్చల చూడలేదు. ఆ చప్పుడు వింటూ వింటూ, గోడకు తల ఆనించి, అలాగే నిద్రపోయింది. ఆమెను ఎవరూ లేపలేదు. ఆమె పిల్ల పైకి లేచినప్పుడల్లా ఎవరో ఒకరు కాలు పట్టుకుని దించారు.

డాక్టరుగారు బండి కట్టించుకోవలసిన పని పడలేదు.

కొన్నాళ్లకు భూమికి నివేదిక పంపే రోజు వచ్చింది. సువర్చల ఇళను ఒళ్లో పెట్టుకునే పనిచేస్తోంది. ఇళ బుగ్గలో దాచుకున్న బిస్కెట్‌ను సావకాశంగా నములుతూ, జోగారావు బిస్కెట్ వంక చూస్తోంది.

"ఏవమ్మా అమ్మలక్కా" అన్నాడు జోగారావు. "ఆ పళ్లెం సలహా ఇళకి ఎలా పనిచేసిందని రాశావు?"

యంత్రం వెంటనే పలకలేదు. ఆలస్యం చెయ్యవలసిన అవసరం దానికి ఎప్పుడూ ఉండదు.

"ఎక్కడ పనిచేసిందండీ" అంది చివరికి, నీరసంగా. "ఆ పిల్ల ఏమీ తినదు."

జోగారావు నోరు తెరిచి సువర్చల వంక చూశాడు. ఆమె తప్పులు దిద్దే మీట మీద వేలు పెట్టింది. ఒళ్లో పిల్ల చెయ్యి చాచి, ఆయన బిస్కెట్ కూడా లాక్కుంది.

సువర్చల వేలు తీసేసింది. నివేదిక అలాగే భూమికి వెళ్లింది.